ఆఁ అంటే అవునని కాదు

మిమ్మల్నే అడుగుతున్నాను. చల్లటి గదిలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని, టీ చల్లారేలోపు ఒక రూలు రాసి, సంతకాలు గీకి లేచిపోయిన మిమ్మల్నే. రక్తం తీయకముందే ఖాళీ ట్యూబుకి స్టిక్కరు అంటించమన్నది ఎవరు? ఆ స్టిక్కరు మీద మనిషి పేరు తీసేసి, నల్లగీతలూ మంచం నంబరూ చాలన్నది ఎవరు? రోగి చేతికి కట్టే పేరు పట్టీలు అయిపోయాయి మహాప్రభో అంటే, "వస్తాయి వస్తాయి, ఈలోగా ఎలాగోలా కానిచ్చెయ్యండి" అన్నది ఎవరు? చెయ్యెత్తండి. ఎత్తరు. తప్పు బయటపడ్డ రోజున మీ చేతులన్నీ బల్ల కింద దాక్కున్నాయి. బయటికొచ్చిన వేళ్లన్నీ ఒక్క ఆడమనిషి వైపే తిరిగాయి.

ఆ మనిషిని ఆసుపత్రిలో అందరూ దోమ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది, కానీ దాంతో పిలిచే తీరిక ఎవరికీ లేదు. రక్తం తీసే పని కాబట్టి దోమ. తెల్లారగానే ట్రాలీ చక్రాల కీచుమన్న చప్పుడు వినిపిస్తే చాలు, ఆడవాళ్ల వార్డులో ఎవరో ఒకరు అరుస్తారు.

"వచ్చిందమ్మా దోమ! దుప్పట్లు కప్పుకోండి!"

"ఈ దోమకి దుప్పట్లూ తెరలూ అడ్డం కావు. చెయ్యి ఇటియ్యండి. పిడికిలి బిగించండి. అటు చూడండి, కిటికీలోంచి మీ ఆయన వస్తున్నాడు."

"ఏడీ?"

"రాలేదు. అయిపోయింది. దూది నొక్కిపట్టుకోండి."

అలా తీసేది. నొప్పి తెలిసేలోపు అయిపోయేది. సూది తీశాక దూది మీద టేపు అంటించేటప్పుడు టేపు చివర చిన్న మడత పెట్టేది. తర్వాత పీక్కునేటప్పుడు గోళ్లతో గీక్కోకుండా ఆ మడత పట్టి లాగితే వచ్చేస్తుంది. ఎవరూ నేర్పలేదు. ఒకసారి తన కూతురికి టేపు పీకుతుంటే పిల్ల ఏడ్చింది, అప్పటినుంచి అలవాటైంది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. సూది విప్పేముందు "మీ పేరేంటమ్మా?" అని అడిగేది. ఫలానా ఆవిడేనా అని అడిగేది కాదు, పేరు వాళ్ల నోటితోనే చెప్పించేది. చెప్పాక రక్తం తీసి, అక్కడే, మంచం పక్కనే, పెన్నుతో ట్యూబు మీద రాసేది. ఎందుకంటే మంచం మీదున్న మనిషికి తెల్లకోటు కనబడితే భయం. నిద్రమత్తు, జ్వరం, నొప్పి, ఇన్నిటి మధ్య ఎవరేం అడిగినా నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట. ఆఁ. భోంచేశారా? ఆఁ. చెయ్యలేదా? ఆఁ. 

తర్వాత మీ రూలొచ్చింది. కౌంటర్లో యంత్రం పెట్టారు. అది గీతల స్టిక్కర్లు కక్కుతుంది. తెల్లారేసరికి ఖాళీ ట్యూబులన్నిటికీ స్టిక్కర్లు అంటించి, మంచాల వరసలో ట్రేలో పేర్చి పెడతారు. పెద్ద డాక్టర్లు వచ్చేలోపు రౌండు అయిపోవాలి. పేరు చెప్పించి ఏం లాభం? సరిచూసుకుందామంటే స్టిక్కరు మీద పేరే లేదు. గీతలకి నోరుందా, ఇది ఫలానా ఆవిడ అని చెప్పడానికి? కొన్నాళ్లు దోమ సణిగింది. కొన్నాళ్లు అలవాటు కొద్దీ పేర్లడిగింది. రౌండు ఆలస్యమవుతోందని కౌంటరాయన మొహం చిట్లించాడు. "నీ పేర్ల పంచాయితీ ఆపి నంబరు చూసి లాగెయ్యమ్మా" అన్నాడు. ఆపింది. ప్రశ్న మారింది. ఆపరేషన్ ఉన్న మంచాల దగ్గర "ఆపరేషన్ మీకే కదమ్మా?" అని అడగడం మొదలైంది. జవాబు మాత్రం ఎప్పటిలాగే ఆఁ.

ఆ రోజు తెల్లవారుజామున వాన పడింది. వార్డులో చివరి కిటికీకి అద్దం పగిలి చాలా రోజులైంది. అట్టముక్క అడ్డం పెట్టారు. అట్ట నాని ఊడిపోయి, జల్లు లోపలికి కొట్టింది. కిటికీ కింద మంచం మీద కాళ్లవాపుతో చేరిన ముసలావిడ ఉంది. కిటికీ మామ్మ అనేవాళ్లు ఆవిడని. ఆ పక్క మంచం బట్టలు కుట్టే ఆవిడది. నెలల తరబడి రక్తం పోయి, మొహం సున్నం కొట్టినట్టయిన మనిషి. ఆ మధ్యాహ్నమే ఆవిడకి గర్భసంచి తీసేసే ఆపరేషన్. లోపల రక్తం ఎక్కించాల్సి వస్తుంది కాబట్టి, గ్రూపు చూసి, నప్పే రక్తం సిద్ధం చెయ్యడానికి పొద్దున్నే ఆవిడ రక్తం బ్లడ్ బ్యాంకుకి పంపాలి.

దోమ ట్రాలీ ఆ మంచం దగ్గరికొచ్చింది. మంచం మీద మెడదాకా దుప్పటి కప్పుకుని ఒక మనిషి అటు తిరిగి పడుకుని ఉంది.

"ఆపరేషన్ మీకే కదమ్మా?"

"ఆఁ."

"చెయ్యి ఇటియ్యండి."

దుప్పట్లోంచి చెయ్యి వచ్చింది. దోమ రక్తం తీసింది. మడత పెట్టిన టేపు వేసింది. స్టిక్కరున్న ట్యూబు ట్రేలో పెట్టింది. తర్వాతి మంచానికి వెళ్లిపోయింది.

డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చింది. ఇల్లంటే ముందుగది దోమ మొగుడి స్కూటర్ల రిపేరు షెడ్డు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన చేతులకి ఎప్పుడూ గ్రీజే. ఊరందరి బండ్లూ బాగుచేస్తాడు, సొంత బండి మాత్రం ఎప్పుడూ ముక్కలుగానే ఉంటుంది. లోపల మంచం మీద అత్తగారు. ఆవిడకి చెవులు తగ్గాయి. తగ్గాయని ఒప్పుకోదు. అడిగినదానికల్లా ఆఁ అంటుంది, మొహం మీద అంతా విన్నానన్న నమ్మకంతో.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?" దోమ కంచాలు పెడుతూ అడిగింది.

"ఆఁ."

"నీళ్లు తెమ్మంటారా?"

"ఆఁ."

మొగుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, నిన్నూ ఆ పాత స్కూటర్నీ కలిపి అమ్మేద్దామనుకుంటున్నాను. నీకు సమ్మతమేనా?"

"ఆఁ."

"బేరం కుదిరిందిరోయ్! చూశావా దోమా, మీ అత్తయ్యంత మంచిది ఇంకోటి లేదు. దేనికీ కాదనదు."

దోమ నవ్వింది. నవ్వు నోట్లో ఉండగానే గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

ఆ ఆఁ. అదే. పొద్దున దుప్పట్లోంచి వచ్చింది అచ్చం అదే ఆఁ. వినబడినదానికి చెప్పిన ఆఁ కాదు. వినబడలేదని తెలియకుండా దాచుకునే ఆఁ.

దోమకి మొహాలు గుర్తుండవు. చేతులు గుర్తుంటాయి. పొద్దున్నుంచి పట్టుకున్న చేతులన్నీ కళ్లు మూస్తే ఒకటొకటిగా కనబడతాయి. ఆ మంచం మీద చెయ్యి కనబడింది. పల్చటి చర్మం, తడిసిన కాగితంలాంటిది. దాని కింద నరం వేలు పెడితే పక్కకి జారిపోయింది, బొటనవేలితో అదిమిపెట్టి పొడవాల్సి వచ్చింది. అది ముసలి చెయ్యి. రౌండు ముగించి వార్డులోంచి బయటపడేటప్పుడు అదే మంచం మీద ఇంకో చెయ్యి కనబడింది. దుప్పటి మీద వాల్చిన చెయ్యి. చూపుడువేలి కొసంతా సూదిపోట్లు, బొటనవేలికి కత్తెర పట్టి పట్టి కాయ కాసింది. చూసింది. చూసి, పాపం బట్టలు కుడుతుంది కాబోలు అనుకుని వెళ్లిపోయింది.

రెండు చేతులు. ఒక మంచం. ఒక స్టిక్కరు.

"ఏమైంది? మొహం అలా అయిపోయిందేంటి?" మొగుడు దగ్గరికొచ్చాడు.

"నేను వేరేవాళ్ల రక్తం తీశాను."

"అదేగా నీ పని."

"నవ్వకండి. ఆవిడది కాదు. ఆవిడ ట్యూబులోకి వేరేవాళ్లది తీశాను. ఈపాటికి ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటారు. ఆ రక్తానికి సరిపోయేది తెచ్చి ఈవిడకి ఎక్కిస్తారు. గ్రూపు తేడా అయితే మనిషి పోతుంది."

అతని మొహంలో నవ్వు దిగిపోయింది. దోమ ఫోను తీసి వార్డు నంబరు కొట్టింది. మోగలేదు, ఎంగేజి. మళ్లీ కొట్టింది, ఎంగేజి. ఆ ఫోను అస్తమానం మోగుతోందని రిసీవరు తీసి పక్కన పెట్టేస్తారని ఆమెకి తెలుసు. వార్డుకి ఒక్క సిస్టర్‌ని మిగిల్చి మిగతావాళ్లని వేరే చోట్లకి తోలింది కూడా మీరే, గుర్తుందా? ఆ సిస్టర్ సెలైన్లు చూస్తుందా, ఫోన్లు చూస్తుందా?

"ఆగు, ఆగు. ఇద్దరిదీ ఒకటే గ్రూపు అయితే?" మొగుడన్నాడు.

"కాకపోతే?"

"నీకు కచ్చితంగా తెలుసా తప్పు జరిగిందని?"

"చెయ్యి అది కాదు."

"చెయ్యి అది కాదంటే ఎవరు నమ్ముతారే? వెళ్లి నువ్వే చెప్పుకుంటావా, నేనే తప్పు చేశానని? నీది కాంట్రాక్టు ఉద్యోగం. గేటు బయటికి ఎంతసేపట్లో గెంటుతారో తెలుసా? నువ్వు నోరు మూసుకుంటే..."

ఆపేశాడు. మాట పూర్తి చెయ్యలేదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తను అనబోయింది అతనికే వినబడింది. గోడకి తగిలించిన హెల్మెట్ తీశాడు.

"పద. ఆ కస్టమర్ బండి తీస్తాను. నాది ముక్కల్లో ఉంది."

వెనకనుంచి అత్తగారు, ఎవరూ ఏమీ అడక్కపోయినా, "ఆఁ" అంది.

దారంతా నీళ్లు నిలిచి ఉన్నాయి. బస్సులు అడ్డం తిరిగి ఉన్నాయి. మొగుడు సందుల్లోంచి, కాలిబాట అంచుల మీంచి బండి పోనిచ్చాడు. దోమ అతని చొక్కా పిడికిట్లో పట్టుకుంది. నప్పని రక్తం ఎక్కితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ముందు చలి పుడుతుంది. వణుకు. నడుం విరిగినట్టు నొప్పి. మనిషి లేచి కూర్చుని "నాకేదో అవుతోంది" అని అరుస్తుంది. ఆ అరుపు వింటే సిస్టర్ పరిగెత్తుకొచ్చి రక్తం ఆపుతుంది. ఆపితే చాలాసార్లు బతుకుతారు. కానీ ఈవిడ మంచం మీద లేదు. థియేటర్లో మత్తులో ఉంటుంది. వణుకు వచ్చినా తెలియదు, నొప్పి వచ్చినా చెప్పలేదు. పొద్దున ముసలావిడ ఆఁ అంది, అనకూడని చోట. ఇప్పుడు ఈవిడ నోరు విప్పాల్సిన చోట ఆఁ అని కూడా అనలేదు.

"ఇంకొంచెం తొందరగా పోనివ్వండి."

"ఎగరమంటావా?"

"ఆఁ."

ఆమె నోట్లోంచీ అదే మాట వచ్చింది.

ఆసుపత్రి గేటు దగ్గర దిగి పరిగెత్తింది. ఆడవాళ్ల వార్డు మెట్లు ఎక్కింది. ఆ మంచం ఖాళీ. పక్క మార్చేసి, కొత్త దుప్పటి పరిచేసి ఉంది. తీసుకెళ్లిపోయారు.

పక్కన కిటికీ కింద మంచం మీద మామ్మ కూర్చుని కాళ్లు నిమురుకుంటోంది. పొడి అట్టముక్క మళ్లీ కిటికీకెక్కింది. దోమ చూపు మామ్మ మోచేతి మీద పడింది. అక్కడ దూది ఉంది. దూది మీద టేపు. టేపు చివర చిన్న మడత.

ఆ రోజు ట్రేలో మామ్మ పేరిట ట్యూబే లేదు. ఇంటి దగ్గర ఉన్నది అనుమానం. అనుమానంలో చిటికెడు ఆశ ఉంటుంది, పొరబడ్డానేమోనని. ఆ మడత చూశాక అది కూడా పోయింది.

"మామ్మా, పొద్దున నువ్వు ఈ మంచం మీద పడుకున్నావా?"

"ఆఁ."

ఈ ఆఁని నమ్మాలా? దోమకి ఏడుపొచ్చింది. మామ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, మొహం మొహానికి దగ్గరగా పెట్టి, పెదాలు కనబడేలా ఒక్కొక్క మాటే అడిగింది.

"మామ్మా. పొద్దున. వానొచ్చినప్పుడు. ఎక్కడ పడుకున్నావ్?"

మామ్మ మొహం వికసించింది, తనని ఎవరో నిజంగా ఒక సంగతి అడిగినందుకు. "అదా తల్లీ! జల్లు కొట్టేసిందే. పక్కంతా తడిసింది. ఆ కుట్టుపిల్లని స్కానింగ్‌కి తీసుకుపోయారు, మంచం ఊరికే ఉందిగా, కాస్త నడుం వాల్చా. ఎవరో వచ్చి సూది పొడిచారు. పొడవనీలే, డాక్టర్లు చెప్పే ఉంటారనుకున్నా. పిల్ల ఏమనుకోదులే. మంచి పిల్ల. బాగయ్యాక నాకో జాకెట్టు కుట్టిపెడతానంది."

వార్డు సిస్టర్ సెలైన్ బాటిల్ పట్టుకుని అటే వచ్చింది. "ఏంటి దోమా, డ్యూటీ అయిపోయాక కూడా రక్తం దాహం తీరలేదా?"

"సిస్టర్, ఆపరేషన్ ఆవిడ రక్తం మామ్మది. బ్యాంకుకి వెళ్లింది మామ్మ రక్తం."

సిస్టర్ చేతిలో బాటిల్ వంగింది. "ఏమంటున్నావ్? బ్యాగు వచ్చినప్పుడు నేనే చూశాను. నంబరుకి నంబరు. గీతలకి గీతలు. రెండుసార్లు చూశాను."

అబద్ధం కాదు. చూసింది. అన్నీ సరిపోయాయి. మీ రూలు గొప్పతనం అదే. స్టిక్కరు స్టిక్కరుతో సరిపోయింది. మనిషితో సరిపోయిందా అని అడగడానికి ఎక్కడా చోటు వదల్లేదు మీరు.

సిస్టర్ ఫోను దగ్గరికి ఉరికింది. దోమ ఆగలేదు. థియేటర్ వైపు నడవా పొడుగునా పరిగెత్తింది. చెప్పులు జారితే వదిలేసింది. థియేటర్ తలుపు ముందు నేల మీద ఎర్రగీత ఉంటుంది, పని లేనివాళ్లు దాటకూడదు. బెంచీ మీద కుట్టుపని ఆవిడ చెల్లెలు ఒక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దోమ ఎర్రగీత దాటి రెండు చేతులతో తలుపు బాదింది.

"రక్తం ఎక్కించకండి! ఆ రక్తం ఆవిడది కాదు! ఆపండి!"

బెంచీ మీద చెల్లెలు లేచి నిలబడింది. సంచి జారి కింద పడింది. లోపల ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో దోమకి తన దవడలు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. చలి. వణుకు. తనకే వేరే రక్తం ఎక్కినట్టు.

తలుపు కొంచెం తెరుచుకుంది. మత్తు డాక్టరు, మాస్కు పైన కళ్లు మాత్రమే.

"ఎవరమ్మా నువ్వు? ఏంటీ గోల?"

"రక్తం తీసేదాన్ని సార్. మొదలెట్టారా?"

"ఏం మొదలెట్టడం?"

"రక్తం! రక్తం ఎక్కించడం మొదలెట్టారా?"

ఆయన వెనక్కి తిరిగి లోపలికి చూశాడు.

"బ్యాగు తగిలించాం. ఇంకా వదల్లేదు. సర్జన్ చెప్పినప్పుడు వదులుదామని... ఎందుకు?"

దోమ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. వెనక పరిగెత్తుకొచ్చిన సిస్టర్ చెప్పింది.

లోపల ఆపరేషన్ మధ్యలో ఉంది. మనిషికి రక్తం పోతోంది, ఎక్కువసేపు ఆగడానికి లేదు. కొత్తగా రక్తం తీసి పంపాలి. మత్తు డాక్టరు తలుపు బార్లా తీసి, "చెప్పులెలాగూ లేవు, కోటు తొడుక్కుని రా, నువ్వే తియ్యి" అన్నాడు. దోమ గోడ పట్టుకుని లేచింది. లోపలికి వెళ్లేముందు బెంచీ దగ్గర నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగింది.

"అమ్మా, లోపలున్న ఆవిడ మీకేమవుతారు?"

"అక్క."

"మీ అక్క పేరు చెప్పండి. నేను చెప్పను, మీరే చెప్పాలి. పూర్తిగా."

చెల్లెలు చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, ఇంటిపేరుతో సహా. దోమ ఆ పేరు నోట్లో పట్టుకుని లోపలికి వెళ్లింది. నీలం బట్టల కిందనుంచి ఒక్క చెయ్యే కనబడుతోంది. చూపుడువేలి కొసన సూదిపోట్లు. బొటనవేలికి కాయ. ఈసారి చూసి వెళ్లిపోలేదు. ఆ బొటనవేలు పట్టుకుని, "నేను దోమని, కొంచెం నొప్పి" అంది, వినబడదని తెలిసినా. రక్తం తీసింది. అక్కడే పెన్నుతో పేరు రాసింది. అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి. పడనీ. అవి అక్షరాలు, గీతలు కావు.

దోమ పరిగెత్తుకెళ్లి ఇచ్చిన ట్యూబుని బ్లడ్ బ్యాంకాయన అప్పటికప్పుడే పరీక్షించాడు. పొద్దున పంపిన ట్యూబుతో వచ్చిన గ్రూపు ఒకటి, ఇది ఇంకొకటి. తెల్ల పలక మీద, థియేటర్ నుంచి వెనక్కొచ్చిన బ్యాగులోంచి ఒక చుక్కా, ఈ కొత్త ట్యూబులోంచి ఒక చుక్కా వేసి కలిపాడు.

"దోమా, ఇటు రా. చూడు."

చూసింది. ఎర్రటి చుక్క కళ్లముందే పాలు విరిగినట్టు విరిగిపోయింది. ముక్కలు ముక్కలుగా, ఇసక పలుకుల్లా. అది పలక మీద. అదే మనిషి ఒంట్లో, నరాల్లో, కిడ్నీల్లో జరగాల్సింది.

సరైన రక్తం వెళ్లింది. ఆపరేషన్ అయింది. కుట్టుపని ఆవిడ బతికింది. అయితే ఇంకేం, కథ సుఖాంతమంటారా? ఆగండి. మీ సంగతి ఇంకా అవలేదు.

సాయంత్రం సూపరింటెండెంటు పిలిపించాడు. చల్లటి గది. అదే బల్ల. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేదని దోమకి తర్వాత అనిపించింది.

"రోగిని అడిగావా లేదా?"

"అడిగాను సార్. ఆపరేషన్ మీకేనా అని."

"ఏమంది?"

"ఆఁ అంది."

"మరి? అవునందిగా?"

"ఆఁ అంటే అవునని కాదు సార్."

"మరేంటమ్మా?"

"ఆఁ అంటే ఆఁ అనే సార్. భయం. మా అత్తగారు రోజంతా అంటుంది. మీరు అడిగినా నేనూ అంటాను. పేరు చెప్పించాలి సార్. చెప్పించడానికి స్టిక్కరు మీద పేరుండాలి. అది కూడా రక్తం తీశాకే అంటించాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, రూలు రూలే. అది నా ఒక్కడి చేతిలో లేదు. నువ్వు చేసింది నిర్లక్ష్యం. కానీ సమయానికి వచ్చి చెప్పావు, రోగికి ఏమీ కాలేదు. ఒక మెమో ఇచ్చి వదిలేస్తాం. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. బయట ఈ మాట అనుకోవద్దు. ఆ చెల్లెలితో కూడా నేను మాట్లాడాను, ఏదో చిన్న పొరపాటు, సర్దుకుందని చెప్పాను. అర్థమైందా?"

దోమ నోరు తెరిచింది. ఏ మాట బయటికి రాబోతోందో ఆమెకి తెలుసు. అలవాటైన మాట. భయపడ్డ నోటికి తేలిగ్గా వచ్చే మాట. పెదాలదాకా వచ్చింది. మింగేసింది. ఏమీ అనకుండానే గదిలోంచి బయటికొచ్చింది.

ఇంటికెళ్లి మొగుడితో చెప్పింది. ఉద్యోగం ఉందన్న మాట వినగానే అతను "హమ్మయ్య" అని కూర్చుండిపోయాడు. కాసేపటికి తలెత్తి అడిగాడు. "మరి రేపు?"

రేపు. అదే భయం. తప్పు బయటపడిన భయం కాదు. అది అయిపోయింది. రేపటి మంచాలూ, రేపటి దుప్పట్లూ, రేపటి ఆఁలూ. ఈ రోజు చెయ్యి గుర్తుంది కాబట్టి సరిపోయింది. అత్తగారు ఆఁ అంది కాబట్టి గుర్తొచ్చింది. సర్జన్ ఇంకా చెప్పలేదు కాబట్టి బ్యాగు ఆగింది. ఇన్ని అదృష్టాలు కలిస్తే ఒక ప్రాణం మిగిలింది. ఇందులో ఒక్కటి కూడా మీరు ఇచ్చింది కాదు.

మర్నాడు పొద్దున కౌంటర్ మీద ట్రే సిద్ధంగా ఉంది. ట్యూబులన్నీ వరసగా, బుద్ధిగా, గీతల స్టిక్కర్లు అంటించుకుని కూర్చున్నాయి. కిటికీకి అట్టముక్కే ఉంది. పేరు పట్టీలు రాలేదు. ఏమీ జరగనట్టే ఉంది.

"తీసుకెళ్లమ్మా, టైమవుతోంది," అన్నాడు కౌంటరాయన.

దోమ చేతులు ట్రే మీద పెట్టింది. ట్యూబులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. చేతులు వెనక్కి తీసుకుంది.

"దీన్ని నేనెత్తను."

"అంటే?"

"స్టిక్కర్లు లేని ట్యూబులివ్వండి. ఒక పెన్ను ఇవ్వండి."

"పైనుంచి ఆర్డరు కదమ్మా, నేనేం చెయ్యను? నా పీకమీదికి తెస్తావా? నిన్నటిది చాలలేదా?"

"నాకు భయంగానే ఉంది," అంది దోమ. "చచ్చేంత భయంగా ఉంది. అందుకే ఎత్తను."

మగవాళ్ల వార్డుకి వెళ్లే రక్తం తీసేవాడు ట్రే చేతిలో పట్టుకుని ఇదంతా విన్నాడు. వాడిది కూడా కాంట్రాక్టే. వాడికీ భయమే. తన ట్రే కూడా తెచ్చి కౌంటర్ మీద పెట్టేశాడు. దోమ పక్కన వచ్చి నిలబడ్డాడు. పిల్లల వార్డు అమ్మాయి ఇంకా నడవా చివర నిలబడి చూస్తోంది, ట్రే చేతిలోనే ఉంది, రావాలో వద్దో తేల్చుకోలేక.

పైన వార్డులో రోగులు చేతులు చాపుకుని ఎదురుచూస్తున్నారు. పెద్ద డాక్టర్లు వచ్చే వేళయింది. మీకు ఫోన్లు వచ్చే ఉంటాయి.

కాబట్టి లేవండి. ఆ బల్ల దగ్గర్నుంచి లేచి కిందికి రండి. మీ చేతులతోనే ఆ ట్రేలో స్టిక్కర్లు పీకండి, గీక్కుని గీక్కుని పీకండి, మడతలు పెట్టలేదుగా మీరు. ఖాళీ ట్యూబులివ్వండి. ప్రతి చేతికీ పేరు పట్టీ ఈ పూటే కట్టించండి, దొరకకపోతే బట్ట చింపి, పేరు రాసి కట్టండి. పేరు రోగి నోటినుంచి వచ్చాకే రక్తం, రక్తం వచ్చాకే చీటీ, అది కూడా మంచం పక్కనే. రౌండు ఎంత ఆలస్యమైతే అంత కానివ్వండి, పెద్ద డాక్టర్లని ఆగమనండి. దోమకిచ్చిన మెమో చింపండి. వార్డుకి ఇంకో సిస్టర్‌ని పంపండి, ఆ కిటికీకి అద్దం వేయించండి.

కమిటీ వేస్తాం, పరిశీలిస్తాం అనకండి. అడిగినదానికి ఆఁ అని కూడా అనకండి, ఆ మాట మాకు బాగా తెలుసు. ట్రే కౌంటర్ మీద ఉంది. వచ్చి చెయ్యండి.